మేస్త్రి చూడని గాయం

అక్కని చూడ్డానికొచ్చిన మరదలు ముందుగదిలో కూర్చుని ఫోనులో తన స్నేహితురాలితో మాట్లాడుతోంది. చిన్నగా మాట్లాడడం ఆమెకు పుట్టుకతోనే రాదు.

"అక్కకి రోజుకి రెండుసార్లు కట్టు మార్చాలే. పొట్ట మీద ఇంత గాయం. అంతా మా బావగారే చూసుకుంటున్నారు. నర్సుని కూడా పెట్టుకోలేదు. చీమూ నెత్తురూ అన్నీ ఆయనే తుడుస్తారు. మా ఆయన ఉన్నాడు చూడు, నా వేలికి ముల్లు గుచ్చుకుంటేనే పక్కగదిలోకి పారిపోతాడు."

వంటగదిలో మేస్త్రి అప్పటికి రెండుసార్లు తోమిన గిన్నెను మూడోసారి తోముతున్నాడు. మాటలు వినబడకుండా కుళాయి ఇంకాస్త తిప్పాడు. అయినా వినబడ్డాయి. భార్య ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో అతను ఆ గాయాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. చూడనైనా లేదు. రోజుకి రెండుసార్లు భార్యే, తలగడలకి ఆనుకుని, ఎడమచేత్తో చేతి అద్దం పట్టుకుని, కుడిచేత్తో తన కట్టు తానే మార్చుకుంటోంది. ఆ సంగతి ఈ భూమ్మీద వాళ్లిద్దరికే తెలుసు.

మరదలు ఫోను పెట్టేసి వంటగది గుమ్మంలోకి వచ్చింది.

"మీ గురించే చెబుతున్నా బావగారూ. మీకు దణ్ణం పెట్టాలి."

"ఊరుకోమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ "ఊరుకోమ్మా" కూడా వినయంలా వినిపించిందని అతనికి తెలుసు. అది మరీ సిగ్గనిపించింది.

అతను ప్లంబరు. ముప్పై ఏళ్లుగా అదే పని. పూడుకుపోయిన డ్రైనేజీలు, ఉబికొచ్చిన మరుగుదొడ్లు, జుట్టూ జిడ్డూ ఉండకట్టిన తూములు, వేరేవాళ్లు ముక్కు మూసుకుని పారిపోయే చోట్లన్నీ అతనికి రోజువారీ పనిచోట్లు. మోచేతిదాకా చెయ్యి పెట్టి ముద్ద బయటికి లాగి, సబ్బుతో కడుక్కుని, ఆ గోడ పక్కనే కూర్చుని డబ్బా విప్పి తినగలడు. పైపులు అమ్మే కొట్టాయన ఎవరికి పరిచయం చేసినా "ఈయనకి దేవుడు ముక్కు పెట్టాడు గానీ కనెక్షన్ ఇవ్వలేదు" అని నవ్వేవాడు. మేస్త్రి కూడా నవ్వేవాడు. తనకి అసహ్యమనేదే తెలియదని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

భార్య పిల్లల బడిలో ఆఫీసు పని చూసేది. గలగలా మాట్లాడే మనిషి. పెళ్లయిన కొత్తలో వేళాకోళానికి "మేస్త్రీ" అని పిలవడం మొదలుపెట్టి, ఇరవై ఆరేళ్లుగా అదే పిలుపు ఉంచేసింది. పిల్లలు లేరు. ఒకరికొకరు ఉన్నారన్న ధీమాతో రోజులు బాగానే గడిచాయి. ఉన్నట్టుండి ఒకరోజు ఆమెకి పేగు మెలికపడింది. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. ఒంట్లో షుగరు ఉండడంవల్ల కుట్లు నిలవలేదు. తొమ్మిదో రోజు చీము పట్టి విచ్చుకుపోయాయి. మళ్లీ కుట్టడం కుదరదన్నాడు డాక్టరు. అడుగునుంచి కండ పెరుగుతూ దానంతటదే పూడాలి, అందాకా సెలైనులో తడిపిన గాజుగుడ్డ లోపల పెట్టి, రోజుకి రెండుపూటలా మార్చాలి. ఎన్నాళ్లని అడిగితే "నెల పట్టొచ్చు, మూడు నెలలైనా పట్టొచ్చు" అన్నాడు.

ఇంటికి పంపే ముందురోజు నర్సు మేస్త్రిని పిలిచింది. "రండి, చూసి నేర్చుకోండి. ఇంటికెళ్లాక మీరే చేయాలి."

"అదెంత పనండీ" అన్నాడు అతను, చొక్కా చేతులు మడుచుకుంటూ.

నర్సు కట్టు విప్పింది. బొడ్డు కింద అరచేతి పొడవున ఒళ్లు తెరుచుకుని ఉంది. ఎర్రగా, తడిగా, లోతుగా ఉంది. అంచున పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా అది కూడా కొద్దిగా కదిలింది. మేస్త్రి పళ్లు బిగబట్టాడు, మొహం మాత్రం తనమాట వినలేదు. ఆ మొహంతోనే తలెత్తాడు. భార్య గాయంవైపు చూడడం లేదు. అతని మొహంలోకే చూస్తోంది.

"మీరు వెళ్లి టీ తాగి రండి" అంది ఆమె, మామూలుగానే.

అతను వెళ్లాడు. ఉండమంటుందేమో అని ఒక్క క్షణమైనా ఆగకుండా వెళ్లాడు. వరండా చివరి మెట్ల మీద కూర్చుని, కట్టు కట్టేయడం అయిపోయి ఉంటుందనిపించేదాకా అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చేసరికి నర్సు చేతులు కడుక్కుంటోంది.

"అర్థమైందా అండీ?"

"అయిందండి."

ఇంటికొచ్చిన మొదటిరోజు పొద్దున్నే అతను నీళ్లు కాచాడు. చేతులు కడిగాడు. స్టూలు మీద శుభ్రమైన బట్ట పరిచి గాజుగుడ్డ, సెలైను, పట్టకారు, ప్లాస్టరు వరసగా పెట్టాడు. భార్య చీర కుచ్చిళ్లు కిందికి జరిపి కళ్లు మూసుకుంది. అతను ప్లాస్టరు అంచు పట్టుకుని లాగాడు. సగం ఊడింది. వాసన వచ్చింది, పెద్ద వాసన కూడా కాదు. అతను తల పక్కకి తిప్పుకున్నాడు.

"ఇలా ఇవ్వండి" అంది భార్య కళ్లు తెరవకుండానే. "ఆ చేతి అద్దం కూడా ఇచ్చి వెళ్లండి. ఆ నర్సమ్మ చేస్తుంటే నేను చూస్తూనే ఉన్నాను. నాకొచ్చు."

"నేను అద్దం పట్టుకుంటా."

"అక్కర్లేదు. మీరు వంట సంగతి చూడండి."

అతను వంట సంగతి చూశాడు. ఆ ఒక్క పని తప్ప అన్ని పనులూ చేశాడు. బట్టలుతికాడు, దుప్పట్లు మార్చాడు, బాత్రూములో ఆమె పట్టుకుని లేచేందుకు గోడకి కడ్డీ బిగించాడు, నిలబడి స్నానం చేయలేదని చేతిషవరు కొత్తది పెట్టాడు. ఆమెకి ఎంత చేస్తే అంతగా ఆ తలుపు అవతల చేయని పని పెద్దదైపోతున్నట్టు అనిపించేది. రెండుపూటలా ఆ అరగంట అతను వంటగదిలో నిలబడి కడిగిందే కడిగేవాడు. లోపల్నుంచి ఒక్కోసారి "అబ్బా" అని సన్నగా వినబడేది. తలుపు తెరుచుకుని వెళ్లాలనుకునేవాడు. ఇంకో గిన్నె అందుకునేవాడు.

అబద్ధం మూడోరోజు మొదలైంది. ఆసుపత్రి నర్సు ఫోను చేసింది. "మీరేనా కడుతున్నది?"

"నేనేనండి" అన్నాడు మేస్త్రి. అంతకుముందు ఆలోచించిన మాట కాదు. నోట్లోంచి జారిపోయింది.

మంచం మీద భార్య విన్నది. ఆ సాయంత్రం చెల్లెలు ఫోను చేసి అదే అడిగితే, "ఆయనే కడుతున్నారే, నన్ను చెయ్యి పెట్టనివ్వరు" అంది. మేస్త్రి ఆమె వంక చూశాడు. ఆమె గోడవైపు చూస్తూ మాట్లాడుతోంది.

ఇక ఆ మాట ఊరంతా తిరిగింది. బడిలో ఆమెతో పనిచేసేవాళ్లు పళ్లు పట్టుకుని చూడ్డానికొచ్చి అతన్ని పొగిడి వెళ్లారు. పైపుల కొట్టాయన కొట్టుకొచ్చినవాళ్లందరికీ చెప్పాడు, "మా మేస్త్రి మనిషి కాడండీ, పెళ్లాన్ని పసిపిల్లలా చూసుకుంటున్నాడు" అని. పొగిడినప్పుడల్లా మేస్త్రికి ఎవరో బహిరంగంగా చెంప మీద కొట్టినట్టుండేది. తల వంచుకునేవాడు. తల వంచుకుంటే ఇంకాస్త పొగిడేవారు.

అన్నిటికంటే ఘోరం, ఒక ఇంట్లో వంటగది తూము బాగుచేయడానికి వెళ్లినప్పుడు జరిగింది. ఆ ఇంటావిడ టీ ఇచ్చి, మొహమాటపడుతూ నిలబడింది.

"మేస్త్రిగారూ, మీరు మీ ఆవిడకి కట్టు కడుతున్నారట కదా. మా అమ్మ మంచంలో ఉంది. మడమ దగ్గర పుండు పడింది. మాకు చెప్పేవాళ్లు లేరు. గాజుగుడ్డ ఎలా పెట్టాలండీ? వదులుగానా, గట్టిగానా?"

నాకు తెలియదమ్మా, ఆసుపత్రిలో అడగండి అంటే సరిపోయేది. మేస్త్రి టీ కప్పు కింద పెట్టాడు. ముప్పై ఏళ్లు కారే చోట్లని మూసిన మనిషి. నోటికి అదే వచ్చింది.

"గట్టిగానే కుక్కాలమ్మా. సందు లేకుండా. సందుంటే కారుతుంది."

"మా అమ్మ నొప్పని అరుస్తుందేమో."

"మొదట్లో అలాగే ఉంటుంది. మనం మనసు గట్టి చేసుకోవాలి."

ఆ చివరి మాట తన నోటివెంట ఎలా వచ్చిందో అతనికి తర్వాత ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు. ఆవిడ మాత్రం కళ్లలో నీళ్లు పెట్టుకుంది. "మీలాంటివాళ్లు ఉండబట్టి" అంది.

మరదలు అతన్ని ఫోనులో పొగిడిన రోజుకి వాసన మొదలై రెండు రోజులైంది. ముక్కుకి కనెక్షన్ లేదనిపించుకున్న మేస్త్రికే అది ముందు తెలిసింది. దుప్పటి మార్చేటప్పుడు తగిలింది. అది గాయం మామూలు వాసన కాదు. నీళ్లు ఎక్కడో నిలిచి కుళ్లితే వచ్చే వాసన. ఎక్కడో ఏదో ఇరుక్కుంటేనే అలా వస్తుందని అతనికి తెలుసు. అయినా నోరు విప్పలేదు. చెబితే ఆమె మనసు చివుక్కుమంటుందని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. అందులో కొంత నిజం. చెబితే, "ఏదీ, చూడండి" అంటుందేమోనని అసలు భయం.

మూడోరోజుకి ఆమెకి చలిజ్వరం వచ్చింది. మధ్యాహ్నం మరదలు మళ్లీ వచ్చి, నుదుటి మీద చెయ్యి వేసి చూసి కేకపెట్టింది. "అక్క ఒళ్లు కాలిపోతోంది బావగారూ! పొద్దున కట్టు మార్చినప్పుడు మీకేం తేడా కనబడలేదా?"

"లేదమ్మా" అన్నాడు మేస్త్రి.

ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. అదే నర్సు. వయసులో ఉన్న మనిషి, పనిలో చురుకు, మాటలో కరుకు. భార్యని బల్ల మీద పడుకోబెట్టి కట్టు విప్పింది. మేస్త్రి గోడకున్న క్యాలెండరులో తారీఖులు చదువుతూ నిలబడ్డాడు. మరదలు అక్క చెయ్యి పట్టుకుంది.

"ఇదేంటిది?" అంది నర్సు. పట్టకారు లోపలికి పోనిచ్చి, గాయం కింది అంచులో, పొట్ట మడత కిందికి దూరిపోయిన చోటునుంచి ఏదో లాగింది. బూడిదరంగుకి తిరిగిన గాజుగుడ్డ ముక్క. ట్రేలో వేసింది. మళ్లీ లోపలికి పోనిచ్చింది. ఇంకోటి వచ్చింది.

"రెండున్నాయి. వారం పైమాటే అయ్యుంటుంది ఇవి లోపల ఉండి. ఎన్ని ముక్కలు పెడుతున్నారో లెక్క చూసుకోరా? పెట్టినవన్నీ తీయాలని తెలీదా? చివర బయటికి కనబడేలా వదలమని చెప్పానా లేదా?" పట్టకారు పట్టుకునే మేస్త్రివైపు తిరిగింది. "ఇంత కింద ఉంటే మీకు ఎదురుగానే కనబడుతుంది కదండీ. కళ్లు పెట్టి చూస్తే తెలియదా?"

మేస్త్రి మళ్లీ క్యాలెండరువైపు చూశాడు.

"ఆయన సరిగ్గానే చేశారమ్మా" అంది భార్య. జ్వరంతో గొంతు పీలగా వచ్చింది. "నేనే నొప్పని కదిలాను. అప్పుడు జారిపోయుంటాయి."

"మీరాగండమ్మా. కదిలినా చూసుకోవాల్సింది చేసే మనిషి." నర్సు మళ్లీ అతనివైపే. "ఇంకో వారం ఇలాగే ఉంటే ఏమయ్యేదో తెలుసా మీకు?"

మేస్త్రి తిట్లు తింటూ నిలబడ్డాడు. విచిత్రమేమిటంటే ఆ తిట్లు అతనికి కొంత హాయిగా ఉన్నాయి. కట్టు సరిగ్గా కట్టనివాడని తిడుతోంది. అసలు కట్టనివాడని తెలియదు. చేసిన తప్పుకంటే చిన్న తప్పుకి తిట్లు పడుతున్నాయి. ఇలా తిని ఊరుకుంటే పోతుందనిపించింది. అలా అనిపించినందుకు ఆ తర్వాత చాలా రోజులు అతను తన మొహం తాను చూసుకోలేకపోయాడు.

నర్సు గాయం కడిగి, చేతులు తుడుచుకుని పక్కకి జరిగింది.

"సరే, ఇప్పుడు నా ఎదురుగా మీరు పెట్టండి. ఇంట్లో ఎలా చేస్తారో అలాగే. ఎక్కడ పొరపాటు చేస్తున్నారో నేను చూడాలి." పట్టకారు అతని చేతికిచ్చింది.

మేస్త్రి పట్టకారు వంక చూశాడు. ఎంతో బరువైన రెంచీలు తిప్పిన చెయ్యి. దాన్ని ఎటునుంచి పట్టుకోవాలో తెలియలేదు. మరదలు చూస్తోంది. భార్య కళ్లు గట్టిగా మూసుకుంది, కాదు కాదన్నట్టు తల కొద్దిగా అడ్డంగా ఊపింది.

"నాకు రాదండి" అన్నాడు.

"రాదంటే?"

"నేను ఒక్కసారి కూడా చేయలేదు. రోజూ ఆవిడే కట్టుకుంటోంది. అద్దంలో చూసుకుంటూ. నేను... నేను గదిలో కూడా ఉండను."

బయట వరండాలో ఎవరి వంతో పిలుస్తున్నారు. మరదలు అక్క చేతిమీదున్న తన చెయ్యి చూసుకుంటూ ఉండిపోయింది. అతని వైపు మాత్రం చూడలేదు. నర్సు ఇందాకటిలా తిట్టలేదు. అతనికి తిడితే బాగుండుననిపించింది.

"చేతులు కడుక్కోండి" అంది నర్సు. "మోచేతిదాకా. గోళ్లు కూడా."

కడుక్కున్నాడు. ఆమె పక్కన నిలబడి చెప్పింది, అతను చేశాడు. "ఒక్క పొడుగు ముక్కే తీసుకోండి, ముక్కలు ముక్కలు వద్దు. పిండండి. ఇంకా పిండండి. ఇప్పుడు అడుగునుంచి పరవండి. అయ్యో, కుక్కుతారేంటి? కుక్కకూడదు. వదులుగా పరవాలి. గట్టిగా కుక్కితే లోపల కొత్త కండకి నెత్తురాడదు, ఉన్నది కూడా చచ్చిపోతుంది."

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. మడమ పుండున్న ముసలామె గుర్తొచ్చింది.

పని అయ్యాక బయటికి నడిచి, ఆసుపత్రి గోడ పక్కన కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు. కుళాయి దగ్గర మొహం కడుక్కుని లోపలికొచ్చాడు. జ్వరానికి రెండు రోజులు అక్కడే ఉంచి మందులు ఎక్కించారు. ఆ రెండు రోజులూ నాలుగుపూటలా నర్సు అతని చేతే చేయించింది. కక్కుకోవడం రెండోపూటకి ఆగింది.

ఆ రెండోరోజే మధ్యాహ్నం తూము బాగుచేసిన ఇంటికి వెళ్లాడు. తలుపు తీసిన ఆవిడ నవ్వబోయింది.

"అమ్మా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. గట్టిగా కుక్కకూడదు. నాకు తెలియకపోయినా చెప్పాను. మా ఆవిడకి అప్పటిదాకా కట్టు కట్టింది నేను కాదు. మీరు నర్సుకి చూపించండి."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు పోయింది. లోపల్నుంచి మూలుగు వినబడింది. "నాలుగు రోజులుగా మా అమ్మ ఏడుస్తూనే ఉంది" అంది. "మనసు గట్టి చేసుకోమన్నారని నేను చెయ్యి పట్టుకుని మరీ కుక్కుతున్నాను."

మేస్త్రి ఆటో తెస్తానన్నాడు. వద్దంది. తలుపు వేసుకుంది.

భార్యని ఇంటికి తెచ్చిన రోజు మరదలు అక్కకి కావలసినవన్నీ సర్దిపెట్టింది. వెళ్లేటప్పుడు అక్కతో చెప్పి వెళ్లింది. బావగారితో చెప్పలేదు. మెట్లు దిగుతున్న చప్పుడు ఆగిపోయాక భార్య అంది, "ఎవరడిగారు మిమ్మల్ని?"

"ఏంటి?"

"నాకు రాదండీ, నేను చేయలేదండీ అని. ఆ నర్సు చూపిస్తే చూసి నేర్చుకోకూడదా? చెల్లి ముందు అంతా చెప్పాలా?"

"ఇంకెన్నాళ్లు అబద్ధం ఆడమంటావు?"

"అబద్ధం మీదొక్కరిదేనా?" ఆమె గొంతు పెద్దది చేసింది. కుట్లు పోయాక అంత గట్టిగా మాట్లాడ్డం అదే మొదటిసారి. "నాది కూడా. బడిలో అందరితో చెప్పాను, మా ఆయనే కడతారని. చెప్పేటప్పుడు కాసేపు నాకే నిజమనిపించేది. ఆ కాసేపు బాగుండేది. ఇప్పుడు మా చెల్లికి తెలిసింది, రేపు వాళ్లాయనకి తెలుస్తుంది. మీ మనసు తేలికపడ్డానికి నా దగ్గర ఉన్న ఆ కాస్తా తీసేసుకున్నారు."

నిజం చెబితే ఎంతో కొంత భారం దిగుతుందనుకున్నాడు మేస్త్రి. ఆ భారం తీసుకెళ్లి ఆమె నెత్తిన పెట్టానని అప్పుడు తెలిసింది. తలుపు దగ్గర నిలబడ్డాడు. వెళ్లిపోవడం తేలిక. ఆ తేలిక పని మూడు వారాలు చేసి చూశాడు.

చేతులు కడుక్కొచ్చి స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. అతను ప్లాస్టరు నెమ్మదిగా, నీళ్లతో తడుపుతూ ఊడదీశాడు. పాత గుడ్డ చివర పట్టుకుని తీశాడు. పొద్దున పెట్టింది ఒకటి, వచ్చింది ఒకటి. గాయం వంక చూశాడు. ఈసారి కళ్లు తిప్పుకోకుండా చూశాడు. చూడ్డం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

"ఎలా ఉంది?" అంది ఆమె గోడతో.

"పర్లేదు. బానే ఉంది."

"బానే ఉందని చెప్పడానికి మీరెందుకు? నేను అద్దంలో చూస్తే పైభాగమే, అదీ తలకిందులుగా కనబడేది. కింద ఎలా ఉందో నాకు ఒక్కరోజు కూడా తెలీదు. ఉన్నదున్నట్టు చెప్పండి."

మేస్త్రి ఇంకాస్త వంగి చూశాడు. "పైన ఎర్రగా ఉంది. మంచి ఎరుపే. కింద మడత దగ్గర లోతుంది, నా వేలు రెండు కణుపులు దిగేంత. అక్కడ కొంచెం పసుపుగా ఉంది. చుట్టూ ఒళ్లు నాని తెల్లగా అయింది."

"మొదట్లో కంటే తగ్గిందా?"

అతను సెలైను సీసా అందుకున్నాడు. నర్సు వారంవారం ఫోనులో అడిగినప్పుడల్లా "తగ్గిందండి" అని చెప్పినవాడే.

"చెప్పరేం? తగ్గిందా లేదా?"

"నాకు తెలీదు" అన్నాడు. "మొదట్లో నేను సరిగ్గా చూళ్లేదుగా."

ఆమె ఏడ్చింది. అతను గాజుగుడ్డ పిండి, అడుగునుంచి వదులుగా పరిచి, చివర బయటికి వదిలి, కట్టు కట్టాడు. ఒకవైపు ప్లాస్టరు వంకరగా పడింది.

ఆ తర్వాత తొమ్మిది వారాలు పట్టింది. రెండుపూటలా అతనే కట్టాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇవాళ కణుపున్నర." "ఇవాళ పసుపు లేదు." "ఇవాళ అంచున చిన్న కురుపు లేచింది, నాకు భయంగా ఉంది, నర్సుకి ఫోను చేస్తున్నా." కొన్ని రోజులు బాగా చేశాడు. కొన్ని రోజులు పనిలో అలసిపోయి వచ్చి, వాసన తగలగానే మొహం తిప్పుకున్నాడు. తిప్పుకున్నది ఆమె చూసిందని తెలిసి, మళ్లీ తిప్పి పని పూర్తిచేశాడు. పొగిడేవాళ్లు ఇంకా పొగుడుతూనే ఉన్నారు. కొట్టాయనతో ఒకసారి నిజం చెప్పబోయాడు. ఆమె మాట గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఆ పొగడ్తలు మింగడం తన శిక్ష అనుకున్నాడు. మరదలు వచ్చినప్పుడు పలకరిస్తోంది గానీ "బావగారూ" అన్న పిలుపులో ఇదివరకటి చనువు లేదు.

పదమూడో వారంలో డాక్టరు చూసి ఇక కట్టు అక్కర్లేదన్నాడు. పల్లంగా, గులాబీరంగులో, మడతపడ్డ ఒక మచ్చ మిగిలింది. ఇంకో పది రోజులకి ఆమె బడికి వెళ్లింది. సాయంత్రం అలసిపోయి వచ్చి చెప్పులు విప్పి కుర్చీలో కూర్చుంది. అతను టీ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె రెండు గుటకలు తాగి అంది.

"ఒకటి అడుగుతాను. ఆసుపత్రిలో మొదటిసారి కట్టు విప్పినప్పుడు మీ మొహం చూశాను నేను. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఊరందరి మురికిలో చెయ్యి పెట్టే మనిషి. దేనికీ ఆ మొహం పెట్టగా చూళ్లేదు. ఆ రోజునుంచి నా ఒళ్లు నాకే రోతగా అనిపించింది. అందుకే మిమ్మల్ని గదిలో ఉండనివ్వలేదు. మీమీద జాలితో కాదు."

ఇన్నాళ్లూ ఆమె తనని కాపాడిందనుకున్నాడు మేస్త్రి. భయపడ్డ మొగుణ్ని మంచితనంతో పంపించేసిందనుకున్నాడు.

"భయమేసింది" అన్నాడు. "నువ్వు పోతావేమోనని. లోపల అంత కనబడుతుంటే..."

"భయమేనా?"

భయమేనని చెబితే ఆమె నమ్మేది. నమ్మడానికి సిద్ధంగా కూర్చుని ఉంది. అతను నేల వంక చూశాడు, తర్వాత ఆమె వంక చూశాడు.

"అసహ్యం కూడా వేసింది" అన్నాడు. "నీమీద కాదని చెప్పుకుందామని చూశాను. కానీ నీ ఒంటిమీదేగా ఉంది. వేసింది. కొన్నిరోజులు కట్టేటప్పుడు కూడా వేసింది."

ఆమె కప్పు పక్కన పెట్టింది. అతను ఏ మాట వచ్చినా పడడానికి సిద్ధపడ్డాడు. లేచి వెళ్లిపోతుందనుకున్నాడు.

"తెలుసు" అంది ఆమె. "మీ నోటితో చెబుతారో లేదో చూద్దామనుకున్నాను."

"చెప్పాక ఏమైనా తగ్గిందా?"

"లేదు" అంది. "ఇంకా నొప్పిగానే ఉంది. కానీ ఇకమీద మీరు బానే ఉందంటే నమ్ముతాను మేస్త్రీ."

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె అలా పిలవడం అదే మొదలు. అతనికి తలెత్తాలనిపించలేదు. తలవంచుకునే ఆ కప్పు తీసుకుని, వంటగదిలోకి పోకుండా, అక్కడే కూర్చున్నాడు.